పేర్ల చిట్టా

లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి. కొందరు తపాలా బిళ్ళలు పోగుచేస్తారు. కొందరు పాత నాణేలు దాస్తారు. మా వీధి చివర రిటైరైన తహసీల్దారు గారొకరు చేతికర్రలు సేకరిస్తారు. ఆయన కాళ్ళు రెండూ నిక్షేపంలా వున్నాయి, రోజూ గోదావరి గట్టుమీద మూడు మైళ్ళు నడుస్తారు. నాకు పేర్ల పిచ్చి.

అంటే పిల్లలకు పెట్టే పేర్లు కాదు. ఇంటర్నెట్టులో ఇళ్ళకు పెట్టుకునే పేర్లు. డొమైన్ పేర్లంటారు. మీరు ఫోనులో బ్యాంకు సైటో రైలు టిక్కెట్ల సైటో చూడాలంటే ఒక పేరు కొడతారు గదా, దాని చివర చుక్క కామ్ అనో, చుక్క ఇన్ అనో ఒక తోక వుంటుంది గదా, అదన్నమాట. ఒకానొక కాలంలో అట్లాంటి పేర్లు నా దగ్గర 143 వుండేవి.

తెలుగు ఎమ్మే చదివి, డిగ్రీ కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకుంటూ బతికేవాడికి ఈ వ్యాపకమేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడ మొదటి రోజునుంచీ అదే అడుగుతోంది. ఆవిడకు సరైన జవాబు ఇంతవరకూ చెప్పలేకపోయాను. మీకైనా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఈ పేర్ల పుట్టుపూర్వోత్తరాలు కొంచెం. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా వుంటుంది. మనకేమో అంకెలు గుర్తుండవు. అందుకని ఫలానా పేరుకు ఫలానా అంకె అని ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలి. 1970లలో, ఇంటర్నెట్టు ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న రోజుల్లో, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడా, ఆవిడ సిబ్బందీ కలిసి ఈ పట్టీ నడిపేవారు. కొత్త యంత్రానికి పేరు కావలసినవారు వారికి కబురు చేస్తే పట్టీలో ఎక్కించేవారు. అక్షరాలా మన పూర్వపు కరణం గారి చిట్టాయే. యంత్రాలు పెరిగేసరికి ఒక్క చిట్టాతో పని సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు ఆ పట్టీని విడగొట్టి, ఏ తోకకు ఆ తోక వేరే దస్త్రం వుండే పద్ధతి కనిపెట్టాడు. ప్రపంచమంతా ఈనాటికీ దానిమీదే నడుస్తోంది. చుక్క కామ్ తోకతో మొదటి పేరు 1985 మార్చి 15న నమోదైంది. సింబాలిక్స్ అనే కంప్యూటర్ల కంపెనీ పెట్టుకున్న పేరది. ఆ కంపెనీ చితికిపోయింది. పేరు మాత్రం 2009లో ఇంకొకరి చేతికి అమ్ముడుపోయి బతికే వుంది.

మొదట్లో ఈ పేర్లు ఉచితం. 1995 సెప్టెంబరునుంచి రుసుము పెట్టారు. అప్పటినుంచీ పేరు అనేది అద్దె ఇల్లయిపోయింది. 'ఫలానా పేరు కొన్నాను' అని మనం డాబుగా చెప్పుకుంటాం గాని, నిజానికి అక్కడ క్రయదస్తావేజు ఏమీ లేదు. ఏడాదికి ఇంత అని కట్టుకుంటూ కాపురముండడమే. పోనీ ఒకేసారి కట్టేసి నిశ్చింతగా వుందామంటే, పదేళ్ళకు మించి కట్టనివ్వరు. ఈ పదేళ్ళ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నా కథకు మూలం అదే.

మన దేశపు తోక చుక్క ఇన్. 2005లో దాన్ని అందరికీ ధారాళంగా ఇవ్వడం మొదలుపెట్టారు. నేను 2009లో రంగంలో దిగాను. మొదట ఒక్కటే పేరు. మా విద్యార్థులకు పాఠాల నోట్సు పెట్టడానికి. రెండోది వ్యాకరణానికి. మూడోది సామెతలకు. ఆ తరువాత లెక్క తప్పింది.

లెక్క తప్పడానికి కారణం మన తెలుగే. ఏ మాటైనా రోమను అక్షరాలలో రాయాలంటే మనలో ఇద్దరికి ఒక్క తీరు కుదరదు. 'ముచ్చట్లు' అనే మాట తీసుకోండి. ఆ 'చ్చ' అనే ద్విత్వాన్ని ఒకాయన సి, హెచ్ అని ఒక్కసారి రాసి వూరుకుంటాడు. ఇంకొకాయన రెండు సీలు వేసి హెచ్ తగిలిస్తాడు. మూడో ఆయన సీహెచ్‌లు రెండు వేస్తే గాని నిద్రపోడు. నాలుగో ఆయన సీ ఒకటి వేసి హెచ్‌లు రెండు పెడతాడు. అందరిదీ న్యాయమే. ఏది కొడతారో తెలియనప్పుడు నాలుగూ పట్టిపెట్టాలి. ఒక్కొక్కదానికి చుక్క కామ్, చుక్క ఇన్, చుక్క నెట్ అని మూడు తోకలు. నాలుగు మూళ్ళు పన్నెండు. ఒక్క ముచ్చటకు పన్నెండు అద్దెలు! తెలుగు లిపిలోనే చుక్క భారత్ అనే తోక కూడా వచ్చాక, భాషాభిమానం కొద్దీ అదీ కట్టాను. పైకి తెలుగులో కనిపిస్తుందే గాని, లోపల యంత్రం దాన్ని ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు, ఆ తరువాత అర్థంలేని రోమను అక్షరాలుగా మార్చుకుంటుంది. మా తెలుగు మాష్టర్ల బతుకులాంటిదే అదీను.

దీనికి తోడు 2012లో ఒక దుర్ఘటన జరిగింది. దుర్ఘటన అని ఇప్పుడంటున్నాను. అప్పుడు మాత్రం పండగ చేసుకున్నాము. ఐదువందలు పోసి పట్టుకున్న ఒక పేరును పచ్చళ్ళ వ్యాపారి ఒకాయన 15,000 రూపాయలిచ్చి తీసుకున్నాడు. ఇక చూసుకోండి. బస్సులో కూర్చున్నా, పరీక్ష హాల్లో కాపలా కాస్తున్నా, మంచి తెలుగు మాట తగిలితే చాలు, ఇది ఎవరైనా పట్టారా లేదా అని వెతకడమే. రాత్రి పన్నెండు గంటలకు లేచి పేర్లు కట్టిన రోజులున్నాయి. స్టాఫు రూములో నన్ను 'భూస్వామి గారూ' అని పిలవడం మొదలుపెట్టారు. మా ఆవిడ మాత్రం, "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ తరువాత పదేళ్ళలో ఇంకొక్క పేరు కూడా అమ్ముడుపోలేదు.

ఇప్పుడు మా మాస్టారి సంగతి చెప్పాలి. నాకు డిగ్రీలో తెలుగు చెప్పినాయన. కోనసీమ లంకల్లో తిరిగి, పడవవాళ్ళ దగ్గరా, కొబ్బరి దింపేవాళ్ళ దగ్గరా, వడ్లు దంచే ముసలమ్మల దగ్గరా ముప్పై ఏళ్ళపాటు సామెతలు రాసుకున్నారు. 3,800 పైచిలుకు. ఏ పుస్తకంలోనూ లేనివి అందులో సగం వుంటాయి. వాటిని ఇంటర్నెట్టులో పెడదామని నేనే ప్రోత్సహించాను. 2011 జూన్‌లో మంచి పేరొకటి దొరికింది. ఆయనే పెట్టారు, రెండు తెలుగు మాటలు కలిపి.

"ఏడాదికి ఎంతోయ్?" అన్నారు.

చెప్పాను.

"ఏటా ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? పదేళ్ళకూ ఒక్కసారే కట్టెయ్యి. అప్పటికి నేనుంటానో లేదో, నువ్వుంటావుగా" అని పింఛను డబ్బులోంచి లెక్కపెట్టి నా చేతిలో పోశారు. నా ఈమెయిలు ఇచ్చి కట్టేశాను.

మరుసటి ఏడు సామెతల్లో ఏరినవి పుస్తకంగా వేసుకున్నారు. వెనక అట్టమీద, తన ఫోటో వుండవలసిన చోట, ఫోటో వద్దని ఈ పేరు అచ్చువేయించారు. 'పూర్తి సంపుటికి చూడుడు' అని. 2014 డిసెంబరులో మాస్టారు పోయారు.

2022 సంక్రాంతికి వారింటినుంచి ఫోను. మాస్టారి సతీమణి. నేను అమ్మగారూ అంటాను.

"నాయనా, ఏమీ అనుకోకు. హైదరాబాదునుంచి మనవడొచ్చాడు. తాతగారి పుస్తకం తీసి వెనకాల అడ్రసు ఫోనులో కొట్టాడు. పేకాట వస్తోందిట. వాడు నొక్కడం తప్పేమోనని రెండుసార్లు నొక్కించాను. పేకాటే."

నేనూ కొట్టి చూశాను. ఒక అమ్మాయి బొమ్మ, రంగురంగుల ముక్కలు, 'చేరినవారికి బోనస్' అని మెరుపులు. మాస్టారు జన్మలో పేక ముట్టుకోలేదు.

ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే మీరూ కొట్టి చూస్తారు. పేకాటవాడికి ఇంకో గిరాకీ.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పదేళ్ళ గడువు 2021 జూన్‌తో తీరింది. గడువుకు నెలరోజుల ముందొకటి, వారం ముందొకటి, గడువు దాటిన ఐదు రోజుల్లో మరొకటి జ్ఞాపకం చేస్తూ ఉత్తరాలు రాయాలని ఆ కంపెనీలకు నియమం వుంది. వాళ్ళు రాసే వుంటారు. నేనిచ్చిన ఈమెయిలు ఇంటి టెలిఫోను కనెక్షనుతో వచ్చినది. 2016లో ఇల్లు మారినప్పుడు ఫోను తీయించేశాను. దానితో ఆ పెట్టె మూతపడింది. దాన్ని నమ్ముకుని ఒక పేరు బతుకుతోందని నాకు తోచనే లేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

గడువు దాటగానే పేరు పోదు. చుక్క కామ్ పేర్లకైతే సాధారణంగా నెలా నెలన్నర పాత అద్దెకే తిరిగి ఇస్తారు. తరువాత 30 రోజులు విమోచన కాలం. అపరాధ రుసుము కడితే అప్పుడూ వస్తుంది. ఆ పైన 5 రోజులు ఎవరికీ అందకుండా వుంటుంది. అప్పటికీ దిక్కులేకపోతే వదిలేస్తారు. తెగిన గాలిపటం వెనక పిల్లలు పరుగెత్తినట్టు, ఇట్లా తెగే పేర్లకోసం యంత్రాలు పెట్టుకుని కాచుకున్న కంపెనీలు వున్నాయి. రెప్పపాటులో పట్టేస్తాయి. 2021 జూన్‌నుంచి దాదాపు ఎనభై రోజులు. కరోనా రెండో విడత దెబ్బకు మేమంతా మంచాలెక్కి లేచిన రోజులవి. కానీ సాకు చెప్పడం దేనికి? ఆ ఎనభై రోజుల్లో, ఎవరికీ పనికిరాని నా పేర్లకు ముప్పైకి పైగా అద్దెలు కట్టాను. బ్యాంకు కాగితాలు తీసి చూసుకున్నాను.

సామెతల పేరు పేకాటవాడికి ఎందుకంటారా? పదేళ్ళలో ఎందరో తమ సైట్లలో మాస్టారి పేరుకు దారి చూపించారు. గూగుల్ వంటి వెతికే యంత్రాలు అట్లాంటి పాత పేర్లను పెద్దమనుషులుగా చూస్తాయి. మాస్టారు సంపాదించిన పరువును పేకాటవాడు తన గుమ్మానికి తగిలించుకున్నాడు.

తిరిగి కొందామని మధ్యవర్తికి రాశాను. 2,800 డాలర్లన్నాడు. ఇట్లాంటి తగవులు తీర్చడానికి 1999లో ఒక పద్ధతి ఏర్పరచారు గాని, దానిలో నెగ్గాలంటే ఆ పేరుమీద మనకు వ్యాపార చిహ్నపు హక్కులుండాలి. ఒక్క పంచాయతీకే 1,500 డాలర్లు కట్టాలి. సామెతలకు వ్యాపార చిహ్నమేమిటి? సామెతలన్నీ నా కంప్యూటరులో భద్రంగా వున్నాయి. సరుకు వుంది, గుమ్మం పోయింది. కాని అచ్చయిన పుస్తకాలన్నీ ఆ గుమ్మాన్నే చూపిస్తున్నాయి.

ఇంత పెద్ద కంపెనీలకే ఇట్లా జరిగిందని మనసుకు సర్దిచెప్పుకోబోయాను. 1999 క్రిస్మసు రోజుల్లో మైక్రోసాఫ్టు వాళ్ళు ఒక ముఖ్యమైన పేరుకు 35 డాలర్లు కట్టడం మరచిపోతే లక్షలమందికి ఈమెయిలు నిలిచిపోయింది. ఎవరో ఒక ప్రోగ్రామరు తన సొంత కార్డుమీద కట్టి నిలబెట్టాడు. నిజమే. కాని వాళ్ళకు ఎవరో కట్టారు. మాస్టారికి కట్టవలసినవాణ్ణి నేనేగా?

ఇన్నీసుపేటలో వారింటికి వెళ్ళి అమ్మగారితో వున్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ కాఫీ ఇచ్చి, కొంచెంసేపు వూరుకుని అన్నారు:

"ఆయన ఆబ్దికం నేనెప్పుడూ మరచిపోలేదు నాయనా. ఏటా వస్తుంది గనక గుర్తుంటుంది. పదేళ్ళకోసారి వచ్చేదైతే నేనూ మరచిపోయేదాన్నే."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఏటా కట్టవలసిన పిచ్చి పేర్లన్నీ బతికే వున్నాయి. పదేళ్ళకూ కట్టి భద్రమనుకున్నదే పోయింది. భద్రంగా వుందనుకున్నవాటి వంక మనం చూడం.

ఆ ఆదివారం కిరాణాకొట్టువాళ్ళు వాడే పొడుగాటి చిట్టా పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. నా పేర్లన్నీ ఎక్కించడానికి కూర్చున్నాను. అసలెన్ని వున్నాయో నాకే తెలియదు. ఎనభై వుంటాయనుకున్నాను. మొదటి ఏడాది చవకగా ఇస్తామని ఏ కంపెనీ పిలిస్తే ఆ కంపెనీకి పోయినవాణ్ణి గనక ఐదు చోట్ల చెదిరివున్నాయి. తొంభైతొమ్మిది రూపాయలకు ఇచ్చినవాడు రెండో ఏడు దానికి పదింతలు పుచ్చుకుంటున్నాడని అప్పుడే చూశాను. వారం పట్టింది. తేలిన లెక్క 143. ఏడాదికి అయ్యే అద్దె లక్ష రూపాయలకు పైన.

మా ఆవిడ లక్ష అన్నమాట విని ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, పోయిన ఏడాది నేను వద్దన్న బట్టలుతికే మిషను రేటు కాగితం తెచ్చి చిట్టామీద పెట్టి వెళ్ళింది.

పుస్తకంలో గళ్ళు గీశాను. పేరు, తోక, ఏ కంపెనీ, గడువు తేదీ, ఏ ఈమెయిలు, ఎందుకు. ఈ 'ఎందుకు' అనే గడి దగ్గరే నా కలం ఆగిపోతూ వచ్చింది. నిజాయితీగా రాస్తే నాలుగు తరగతులు తేలాయి. నిజంగా పనిచేస్తున్నవి 9. వాటికి వేరే వర్ణక్రమాలుగా కాపలా కాస్తున్నవి 17. ఎవరైనా బేరానికి వస్తారని పెట్టుకున్నవి 61. ఊరికే ముచ్చటపడి పట్టినవి 56.

మొదటి రెండు తరగతులూ వుంచుకుని, మిగిలిన 117 గడువు తీరినకొద్దీ వదిలేశాను. రాసినంత తేలిక కాదది. 'వెన్నెల', 'వాకిలి', 'తాంబూలం' వంటి మాటలు చేర్చి కట్టిన పేర్లు ఒక్కొక్కటే రాలిపోతుంటే పొలం అమ్ముకుంటున్నట్టే వుండేది. తొమ్మిదేళ్ళు దాచిన ఒక పేరు వదిలిన ఆరునెలలకు కొట్టి చూశాను. మంగళగిరి చీరలు నేసే కుటుంబమొకటి అందులో కొట్టు పెట్టుకుంది. అంచుల రంగులు, ధరలు, మగ్గం దగ్గర కూర్చున్న ముసలాయన ఫోటో. నేను తొమ్మిదేళ్ళు తాళంవేసి వుంచిన ఇంట్లో వాళ్ళు దీపం పెట్టుకున్నారు. తెలుగు మాటలను కాపాడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. దారికి అడ్డంగా నిలబడ్డానని అప్పుడు తెలిసింది.

మిగిలిన 26 పేర్లనూ ఒకే కంపెనీకి చేర్చాను. ఈ బదిలీ సరిగ్గా మా కాలేజీలో టీసీ వ్యవహారమే. ముందు పాతచోట తాళం తీయించాలి. ఒక రహస్య సంకేతం పుచ్చుకోవాలి. దాన్ని కొత్తచోట దాఖలు చెయ్యాలి. కొత్తగా కట్టిన పేరునైతే మొదటి 60 రోజులు కదలనివ్వరు. చుక్క కామ్ పేరును బదిలీ చేస్తే ఒక ఏడాది అద్దె కట్టించుకుని గడువు అంతమేరా పొడిగిస్తారు గనక నష్టమేమీ లేదు. చేరాక మళ్ళీ తాళం వేసుకోవాలి. నేను మరచిపోకుండా వేశాను.

ఈమెయిలు సంగతి మరీ ముఖ్యం. కొందరు తమ పేరుమీదే ఈమెయిలు పెట్టుకుని, దాన్నే కంపెనీకి ఇస్తారు. పేరు పోయిన రోజున ఈమెయిలూ పోతుంది. పేరు పోయిందని చెప్పే ఉత్తరం ఆ పోయిన పెట్టెకే వస్తుంది! ఇంటితాళం ఇంట్లోనే పెట్టి తలుపు లాక్కున్నట్టు. అందుకని వేరే ఈమెయిలు ఇచ్చి, రెండోదిగా మా అమ్మాయిదీ చేర్చాను. మరొక మాట. 'మీ పేరు గడువు తీరుతోంది, వెంటనే ఇంత కట్టండి' అని మనకు సంబంధంలేని కంపెనీలు కూడా రాస్తాయి. చిట్టాలో కంపెనీ పేరు చూసుకోకుండా పైసా కట్టకూడదు. నేను రెండుసార్లు కట్టి నేర్చుకున్నాను.

ఇక మాస్టారి సామెతలకు కొత్త పేరు కట్టాము. అమ్మగారే ఎంచారు. అప్పటికే ఇంట్లో 212 పుస్తకాలు అట్టపెట్టెల్లో మిగిలివున్నాయి. కొత్త అడ్రసు అచ్చువేసిన చీటీలు తెప్పించాను. అమ్మగారు మైదాపిండి ఉడకబెట్టి చిటికెడు మైలతుత్తం కలిపారు, పురుగు పట్టకుండా. వరండాలో కూర్చుని ఆవిడా, నేనూ, మా అమ్మాయీ 212 పుస్తకాల వెనకా చీటీలు అంటించాము. ఆవిడ చీటీ పెట్టేముందు పాత పేరును ఒక్కసారి వేలితో తడిమి చూసేవారు, ప్రతి పుస్తకానికీ. గౌతమీ గ్రంథాలయానికి వెళ్ళి, అడిగి, అక్కడి ప్రతికి కూడా అంటించి వచ్చాను. ఎవరెవరో కొనుక్కుపోయిన పుస్తకాలకు నేనేమీ చెయ్యలేను.

ఈ కొత్త పేరును పదేళ్ళకు కట్టి వదిలెయ్యలేదు. ఏడాదికే కట్టి గుండెలు గుప్పిట్లో పెట్టుకోనూలేదు. ఐదేళ్ళు ముందుకు వుంచి, ఏటా ఇంకొక్క ఏడాది చేరుస్తాము. ఎప్పుడంటారా? మార్గశిరంలో మాస్టారి ఆబ్దికం రోజున. భోజనాలయ్యాక అమ్మగారు కవరులో డబ్బు పెట్టి ఇస్తారు. నేను అక్కడే కూర్చుని ఫోనులో కట్టి, రసీదు చదివి వినిపిస్తాను. "ఇంకా ఐదేళ్ళుందిగా?" అంటారు. "వుందండీ" అంటాను. ఆ తరువాతే తాంబూలం.

మిగిలిన పేర్ల లెక్క ఉగాదినాడు చూస్తాను. మా ఆవిడ దానికి పంచాంగ శ్రవణమని పేరుపెట్టింది. ఆదాయం సున్న, వ్యయం ఇరవైమూడు వేలు అని చదువుతుంటే నవ్వుతుంది. బట్టలుతికే మిషను వచ్చింది గనక నవ్వగలుగుతోంది.

ఈ మధ్య చిట్టాలో ఇంకొక గడి గీశాను. 'నా తరువాత' అని. మాస్టారికి ఆ గడిలో నా పేరుండేది, నేను చూసుకోలేదు. ఇప్పుడు అందులో మా అమ్మాయి పేరు రాశాను. మొన్న ఉగాదికి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వరుసా చదివించాను. తాళాలెక్కడ, సంకేతాలెక్కడ, ఎవరికి రాయాలి అన్నీ చెప్పాను. చివరి పుటలో ఎర్రసిరాతో ఒకే ఒక్క వరుస వుంది. అక్కడ ఆగింది.

"నాన్నా, ఇది మనది కాదుగా? పేకాటవాళ్ళది. దీని గడువు తేదీ ఎందుకు రాశావు?"

గడువు తేదీలు ఎవరైనా చూడవచ్చు, దాపరికం లేదు. ఏటా చూస్తాను. వాడు ఏటా కడుతూనే వున్నాడు. తేదీ కొట్టేసి పక్కన కొత్త తేదీ రాస్తాను. ఇప్పటికి నాలుగు కొట్టివేతలయ్యాయి.

"ఎప్పుడో ఒకసారి వాడూ మరచిపోతాడమ్మా" అన్నాను.

అది కాసేపు ఆ పుట వంకే చూసింది. తరువాత నా చేతిలో కలం తీసుకుని, ఆ వరుస చివర ఖాళీగా వున్న గడిలో తన పేరు రాసుకుంది.